వీలునామాలో పసివాళ్ల వాటా

తిరుమల ఆలయ గోడల మీది శాసనాలు చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆనాటి దాతలు డబ్బిచ్చి చేతులు దులుపుకోలేదు. పల్లవ వంశపు సామవై క్రీ.శ. 966లో వెండి భోగ శ్రీనివాసమూర్తిని సమర్పించినప్పుడు, ఉత్సవాలు ఆగకుండా నడవాలని భూమి కూడా రాసిచ్చింది. నేటికీ ఏకాంతసేవలో పవళింపు సాధారణంగా ఆ మూర్తికే. విజయనగర కాలానికి ఈ పద్ధతి ఇంకా పదునెక్కింది. దాతల సొమ్ము శ్రీభండారంలో చేరేది, దానితో ఆలయ గ్రామాల్లో చెరువులూ కాలువలూ బాగుచేయించేవారు, పెరిగిన పంటలోంచి నైవేద్యం జరిగేది. బియ్యమెంత, నెయ్యెంత, ప్రసాదంలో దాత వాటా ఎంత, అన్నీ రాతి మీదికెక్కాయి. అవి వీలునామాలు కావు, బతికుండగా చేసిన దానాలే. కానీ తాను పోయాక కూడా తన సొమ్ము తాను కోరిన పనే చేయాలన్న పట్టుదల రెండింటిలోనూ ఒకటే. ఆ పట్టుదలలో కొంత దిక్కులేని పిల్లల వైపు మళ్లాలన్నది నా వాదన.

అందుకు తిరుపతిలో చోటు ఎప్పుడో ఏర్పడింది. అనాథ పిల్లల కోసం దేవస్థానం 1943లో శ్రీవేంకటేశ్వర బాలమందిరం నెలకొల్పింది. దాన్ని పోషించే ట్రస్టు ఇప్పుడు సర్వశ్రేయస్ పేరుతో నడుస్తోంది. 2025 జూలైలో హైదరాబాదుకు చెందిన ఒక విశ్రాంత ఐఆర్ఎస్ అధికారి వీలునామా ప్రకారం వనస్థలిపురంలోని ఆయన ఇల్లు, 66 లక్షల రూపాయలు దేవస్థానానికి అందాయి. ఆ నగదులో 36 లక్షలు అన్నప్రసాదానికి, 6 లక్షలు సర్వశ్రేయస్ ట్రస్టుకు. ఆ పెద్దాయన పసివాళ్లను మరవలేదు, అదే గొప్ప. అన్నదానం మహత్తరమైనదే, కాదనను. అయితే యాత్రికుడి ఆకలి ఒక పూటతో తీరుతుంది. అమ్మానాన్నలు లేని ఆరేళ్ల పాపకు తిండి, బడి, జబ్బు చేస్తే మందులు, రాత్రి భయం లేకుండా నిద్రపోయే చోటు పది పదిహేనేళ్లు కావాలి. హుండీలో వేసే నోటు ఆ పనికే చేరాలని మనం కోరలేం. వీలునామాలో కోరవచ్చు.

కన్నబిడ్డల నోటి దగ్గరి కూడు తీయడమా అని అడిగేవారున్నారు. ఆస్తంతా రాయమని ఎవరూ అనడం లేదు. హిందువులు తమ స్వార్జితాన్నీ, ఉమ్మడి ఆస్తిలో తమ వాటానూ వీలునామాగా రాయవచ్చు. ముస్లింలకు సాధారణంగా మూడో వంతు వరకు అవకాశం ఉంది. దగ్గరి బంధువులున్న క్రైస్తవులు ధర్మకార్యానికి రాస్తే, ఆ తర్వాత కనీసం ఏడాది బతికుండాలన్న పాత ఆంక్షను సుప్రీంకోర్టు 2003లో కొట్టేసింది. ఇచ్చేదేదో ఇప్పుడే ఇవ్వొచ్చు కదా అన్నది ఇంకో ప్రశ్న. ముసలితనంలో ఆసుపత్రి ఖర్చు ఎంతవుతుందో ఎవరికి తెలుసు? వీలునామా మనం పోయాకే అమలవుతుంది. బతికినన్నాళ్లూ మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

మధ్యవాళ్లు తినేస్తారన్న అనుమానానికే బలం ఎక్కువ. పచ్చయప్ప మొదలియారు 1794లో ధర్మకార్యాలకు యావదాస్తీ రాసి పోతే, ఆ సొమ్ము వివాదాల్లో నలిగింది. కోర్టు కల్పించుకున్నాక, 1842లో గానీ మద్రాసులో ఆయన పేరిట బడి తెరుచుకోలేదు. ఆ అర్ధశతాబ్దంలో ఎందరు పిల్లల బాల్యం గడిచిపోయిందో! దీనికి విరుగుడు రాయడం మానేయడం కాదు, శాసనాలంత వివరంగా రాయడం. సంస్థ పూర్తి పేరు, సొమ్ము దేనికి వాడాలో, ఆ సంస్థ లేకపోతే ఎవరికి చెందాలో, అమలు చేసేదెవరో అందులో ఉండాలి. పిల్లల్ని ఉంచుకునే సంస్థ అయితే 2015 బాలల న్యాయచట్టం కింద రిజిస్టరైందో లేదో ముందే చూడాలి. ముస్లింల వీలునామాలకు తప్ప ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, వాళ్లు లబ్ధి పొందనివారైతే మేలు. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. రాసే ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి, రేపు కోర్టుకెక్కే అవసరం చాలావరకు తగ్గుతుంది.