బందరు వారపత్రిక

1611లో ఆంగ్లేయ వర్తకులు కోఠీ నెలకొల్పినదియు, గోలకొండ సుల్తానుల కాలమున కలంకారీ వస్త్రములను పారసీకదేశము వఱకు పంపినదియు నగు మచిలీపట్టణము (బందరు) పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి మదరాసు రేవు ముందు వెలవెలబోయియుండెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి విఱుచుకుపడిన యుప్పెన సుమారు ముప్పదివేల ప్రాణములను బలిగొనెను. పిమ్మట బెజవాడ రైలుకూడలియై మిగిలిన వర్తకమును తనవైపు లాగికొనెను. అట్లు కళదప్పిన యూరిలో మిగిలినవారు వకీళ్లు, ఉపాధ్యాయులు, కచ్చేరీ గుమాస్తాలు, నోబిల్ కళాశాల విద్యార్థులు. ఇట్టి యూరినుండి తెలుగునాట పేరెన్నికగన్న రాజకీయ వారపత్రిక పుట్టుట వింతయని పలువురు తలతురు గాని, నాకు వింతగా తోచదు. సరకుల ధరలు తెలిసిన జాలునను వర్తకులకన్న, తీఱికయు తర్కమును గల వకీళ్లకే పత్రికతో నెక్కువ పని.

పత్రికయను వస్తువు బందరుకు క్రొత్తదియుఁ గాదు. 1870 దశకముననే 'పురుషార్థప్రదాయిని' ఇచ్చటినుండి వెలువడెను. అయినను రాజకీయము నూపిరిగా గొన్న పత్రిక, 1902 ఫిబ్రవరి 2వ తేదీన కొండా వేంకటప్పయ్య, దాసు నారాయణరావుగార్లు ప్రారంభించిన 'కృష్ణాపత్రిక'. మొదట పక్షమున కొకసారి వచ్చుచు, తరువాత వారపత్రిక యయ్యెను. స్థాపకులలో వేంకటప్పయ్యగారు కొలఁది యేండ్లకే గుంటూరు చేరి యచ్చట వకీలువృత్తి సాగించిరి. 1904లో గుంటూరు వేఱుజిల్లా యగుటయు నట్టి తరలుటలకు దోహదమై యుండును. ఆ తొలియేండ్ల ఇక్కట్లను వివరింప నక్కఱలేదు. చందాలు వసూలు గాకుండుట ఆనాటి తెలుగు పత్రికల కన్నింటికిని గల జాడ్యమే. అచ్చుకూటపు శ్రమను మాత్రము తలఁపవలసియున్నది. గుణింతములకును వత్తులకును వేర్వేఱు సీసపు టచ్చులు గావలసిన మన లిపిలో, ఒక్కొక్క యక్షరమును చేతితో నేఱి పేర్చి, చిత్తుప్రతి దిద్ది, తపాలా వేళకు కట్టలు కట్టి పంపుట యేవారమున కావారము క్రొత్త పరీక్షయే.

1907 మొదలు 1945లో కన్నుమూయువఱకు, అనఁగా సుమారు ముప్పదియెనిమి దేండ్లు, ఈ పత్రికకు సంపాదకుఁడు ముట్నూరి కృష్ణారావుగారు. నోబిల్ కళాశాలలో రఘుపతి వెంకటరత్నంనాయుడుగారి శిష్యుఁడై బ్రహ్మసమాజ భావములను జీర్ణించుకొన్న యీయన, 1907లో బిపిన్ చంద్రపాలు ఆంధ్రదేశమున పర్యటించినపుడు ఆ యాత్రకు తోడై నిలిచెను. వందేమాతర కోలాహలము నడుమ ఆయన వ్రాసిన సంపాదకీయములు కేకలు గావు; వార్తను సాకుగాఁ గొని సాగిన తత్త్వవిచారములు. కొందఱికవి దుర్బోధములని తోఁచినను, వారమునకు వారము సరిపడునంత యాలోచన అందు లభించుచుండె ననుట నిజము. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రిక వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మూడేండ్లు కారాగారము ననుభవించిరి; ఆ పత్రిక యంతటితో నణఁగిపోయెను. కృష్ణాపత్రిక నిలిచినది సంయమనముచేత. దానిని పిఱికితన మనువారితో నేనేకీభవింపను. ఆనాఁడు జైలుకుఁ బోయిన వ్యాసమును కావలసియుండెను, తపాలాలో పల్లెకుఁ జేరు వ్యాసమును కావలసియుండెను.

సాయంకాలములందు పత్రికా కార్యాలయమున జరుగు గోష్ఠికి 'కృష్ణాపత్రిక దర్బారు' అని పేరు పడినది. కవులు, గాయకులు, చిత్రకారులు, వకీళ్లు అందుఁ జేరి, లోకవార్తలనుండి సంగీతరాగముల వఱకు ముచ్చటించెడివారు. కృష్ణారావుగారికి కళలయం దభినివేశ మధికము; అందుచే రాజకీయ సంపాదకీయము ప్రక్కనే శిల్పమును గూర్చిన వ్యాసముండుట పాఠకుల కాశ్చర్యము గాకపోయెను. 1910లో కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లతోఁ గూడి కృష్ణారావుగారు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలకును ఈ పత్రిక యండగా నుండెను. అదే యేఁట అయ్యంకి వెంకటరమణయ్యగారి 'ఆంధ్రభారతి' బందరునుండియే వెలువడి గురజాడ 'దిద్దుబాటు' కథను లోకమునకు చూపెను. గురజాడవారి దేశభక్తి గేయము 1913లో కృష్ణాపత్రికయం దచ్చయ్యెను. బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ సమావేశమైన దా యేఁడే. ప్రత్యేకాంధ్ర రాష్ట్రవాదమునకు వార మొక వేదిక గావలసినపుడు, అప్పటికింకను దినపత్రిక గాని 'ఆంధ్రపత్రిక' బొంబాయినుండి వచ్చుచుండెను. బందరు పత్రిక మాత్రము వాదము పుట్టినచోటనే యుండెను. ఇదియే చిన్నపట్టణపు పత్రికకుఁ గల బలము: వ్రాసినవారును, విన్నవారును, విభేదించువారును మఱునాఁడు వీథిలోఁ గలసికొనవలసినవారే.

1945 తరువాత సంపాదకపీఠము కాటూరి వెంకటేశ్వరరావుగారికి సంక్రమించెను. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారి యొద్ద చదివి, పింగళి లక్ష్మీకాంతముగారితోఁ గలసి 'సౌందరనందము' రచించిన కవి యీయన. రాజకీయ పత్రికకు కవిని సంపాదకునిగా నెన్నుకొనుట మఱియొకచోట విడ్డూరమే యగును, దర్బారు పెంచిన పత్రిక కది సహజము. అయితే కాలము దినపత్రికల వశమయ్యెను. తంతివార్త సాయంకాలమే యందుచుండ, అదే వార్త వారాంతమున జదువువాఁ డెవఁడు? బెజవాడనుండి 1952లో 'విశాలాంధ్ర', 1960లో 'ఆంధ్రజ్యోతి' దినపత్రికలుగా వెలువడెను. వర్తకము లాగికొన్న రైలుకూడలియే పాఠకులనుగూడ లాగికొనెను.