కీమోథెరపీ పొందే పిల్లల్లో రక్తస్రావ నివారణ

కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జనూ అణచివేస్తాయి. దాంతో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో ఇవి మామూలుగా 1.5 నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. 1950లలో లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన పిల్లల్లో ఎందరో రక్తస్రావంతోనే చనిపోయేవారు. వార్డుల్లో దిండ్లు, దుప్పట్లు నెత్తుటితో తడిసేవి. ప్లేట్‌లెట్ల సంఖ్యకూ రక్తస్రావానికీ ఉన్న సంబంధాన్ని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రైరైక్, సహచరులు 1962లో లెక్కలతో నిరూపించారు. పిల్లల క్యాన్సర్ చికిత్సలో ఇదొక గొప్ప మలుపు.

నేడు రక్తస్రావం కనిపించకపోయినా, సంఖ్య 10,000 కంటే తగ్గితే సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా, వెన్నులో సూది గుచ్చాల్సివచ్చినా అంతదాకా ఆగరు.

ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వైద్యులు చెప్పనిదే ఇవ్వకూడదు. కండరానికి ఇంజెక్షన్లు, ఎనిమా, మలద్వారంలో థర్మామీటర్ పెట్టడం తగవు. పళ్ళు తోమడం మానకుండా మెత్తటి బ్రష్ వాడాలి, మలబద్ధకం రానివ్వకూడదు. ఆటలన్నీ మాన్పించి పిల్లలను మంచానికి కట్టేయడం అన్యాయం. తలకు దెబ్బ తగిలే ఆటలు ఆపితే చాలు.

ముక్కు నుంచి రక్తం కారితే బిడ్డను కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టాలి. కాళ్ళపై గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు వచ్చి, నొక్కినా చెరగకపోతే వైద్యులకు వెంటనే చెప్పాలి. నల్లటి మలం, ఆగని రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, మగత కనిపిస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.