బంగాళాదుంపల మేయరు



పేదకు బిచ్చము పెట్టుట మేలా, పని చూపుట మేలా యను ప్రశ్న మన రచ్చబండలమీద వినబడుచుండునదే. దీనికి అమెరికాలోని డిట్రాయిటు నగరపు మేయరొకడు చేతలతో సమాధానము చెప్పెను. ఆతని పేరు హేజెన్ పింగ్రీ.

పింగ్రీ 1840లో జన్మించెను. అంతర్యుద్ధమున సిపాయియై శత్రువుల చెరలో మ్రగ్గెను. పిమ్మట డిట్రాయిటులో జోళ్ళ కర్మాగారము పెట్టి ధనికుడయ్యెను. 1889లో ధనికులు తమవాడేయని తలచి యాతనిని మేయరు పదవికి నిలిపి గెలిపించిరి. పదవి నెక్కినతోడనే యాతడు పేదలపక్షము వహించెను. ట్రాము కంపెనీలు తీసికొను ఐదు సెంట్ల ఛార్జీని మూడు సెంట్లకు దింపుటకై పోరాడెను. 1895 నాటికి వీధిదీపములకు నగరమే విద్యుత్తును సమకూర్చుకొనునట్లు చేసెను.

1893లో ఆ దేశమున బ్యాంకులు కూలెను, కర్మాగారములు మూతపడెను. వేలకొలది కూలీలు పస్తులుండిరి. ధర్మనిధులు చాలకపోయెను. నగరపు అంచులలో మాత్రము అమ్ముడుపోని స్థలములు బీడుపడి యుండెను. 1894లో పింగ్రీ యజమానుల నడిగి వానిని ఎరవు తీసికొని, దున్నించి, పేదల కుటుంబములకు తలకొక చెక్క చొప్పున పంచెను. విత్తనములకు సొమ్ము కూర్చుటకై తన మేలుజాతి గుర్రమును అమ్మివేసెను. కూలీలలో జర్మనులు, పోలండువారు పెక్కురుండుటచే సాగు పద్ధతులను మూడు భాషలలో అచ్చు వేయించిరి. పలువురు నవ్విరి. ఐనను ఆ యేట సుమారు 430 యెకరములలో 945 కుటుంబములు బంగాళాదుంపలు, చిక్కుళ్ళు పండించుకొనెను. పెట్టుబడికంటె పంట విలువ ఎన్నో రెట్లధికము. నవ్విన నోళ్ళు మూతపడెను. ఇతర నగరములు ఆ మార్గము ననుసరించెను.

అది ఎరవు నేల యగుటచే, కాలము బాగుపడినంతట ఆ సాగు ఆగిపోయెను. పింగ్రీ రాష్ట్ర గవర్నరై, 1901లో లండనులో మరణించెను. 1904లో ప్రజలు చందాలు వేసికొని యాతని విగ్రహము నిలిపిరి. 2013లో డిట్రాయిటు దివాలా తీసినది. జనులు విడిచిపోయిన స్థలములలో నేడు మరల కాయగూరలు పండుచున్నవి.

బడిలో యేండ్లతరబడి పేదపిల్లలను చూచిన నా కొకటి తెలియును: దానము పట్టిన చేయి క్రిందికి వంగును, పంట కోసిన చేయి పైకి లేచును. పెద్దలారా, మీ గ్రామమున బీడుపడిన చెక్క యున్నదేమో, దానిప్రక్కనే పనిలేని చేయి యున్నదేమో చూడుడు. ఆ రెంటిని కలుపుటయే పింగ్రీ చేసిన పని.