పడవకాపురము - బండిబిడారము

హేమంతమున గోదావరి తేటవడిన పిమ్మట ఎగువపట్టునను దిగువపట్టునను కనబడు తీరు ఒక్కటి కాదు. నిజామాబాదు మండలమున కందకుర్తికడ మంజీరయు హరిద్రయు గోదావరితో గలియును. తెలంగాణమున ఆ నది యడుగిడుట ఈ సంగమముననే. ఇచ్చట పుణ్యస్నానములు గలవు, దేవాలయములు గలవు. ఏరు దాటుటకు పుట్టియు తెప్పయు గలవు. కాని పడవనే యిల్లుగా జేసికొని చలికాలము గడపు ఆచార మిచ్చట నెలకొనలేదు. అదే నది ధవళేశ్వరముకడ కాలువలుగా జీలిన పిదప గూటిపడవలో వండుకొని, తిని, నిద్రించుచు దినములకొలది సాగిపోవుట సామాన్యజీవన మయ్యెను. ఒక్క నదికి ఈ భేద మేల కలిగెను?

ఎగువ ఱాళ్లును దిగువ లోతును గలవని చెప్పుట వాడుక. ఈ సమాధానమున సగమే సత్యము. వర్షర్తువు గడచిన వెనుక సముద్రసమీపమున గూడ గోదావరి ఇసుకమేటలు వైచును. పడవకాపురమునకు ఆధారము నది కాదు, కట్టుబడిన కాలువ. సర్ ఆర్థరు కాటను పర్యవేక్షణమున 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట సేద్యమునకు నీరిచ్చుటయే గాక, ఆ నీటినే బాటగాను జేసెను. కాలువ యొక మెట్టు దిగవలసినచోట లాకు గట్టిరి. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిమట్టము నెక్కించియో దించియో అవతలికి బంపుదురు. ఈ యుపాయముచేత పల్లమున బాఱు నీటియందు ఎదురుప్రయాణము సులభ మయ్యెను. 1855 నాటికి బెజవాడకడ కృష్ణానదికి గూడ ఆనకట్ట యేర్పడెను. ఏలూరికాలువ రెండు నదుల డెల్టాలను గలిపెను. కొమ్మమూరు కాలువ దక్షిణమునకు సాగి పెదగంజాముకడ బకింగుహాము కాలువను జేరెను. 1877-78 నాటి ఘోరక్షామమున పనిలేక యలమటించు జనులచేత ద్రవ్వింపబడి ఈ తుదికాలువ విస్తరిల్లెను. నాటి చెన్నపురి గవర్నరు పేరే దానికి నిలిచెను. ఇట్లు కాకినాడనుండి చెన్నపట్టణమువఱకు నీటిపైననే పోవుట సాధ్య మయ్యెను.

ఈ బాటకు చలికాల మనుకూలమైన ఋతువు. వేసవిలో మరమ్మతులకై కాలువలను గట్టివేయుదురు, వర్షాకాలమున వరదభయము. కార్తికము మొదలు మాఘమువఱకు నీరు నిలుకడగా నుండును, కోతలు ముగిసి ధాన్యము బయలుదేఱును. ఈశాన్యపు గాలి దక్షిణమునకు బోవు పడవల తెరచాపను నింపును. మఱలివచ్చునప్పుడు ఆ గాలియే ఎదురగును. అప్పుడు గట్టువెంట మోకును భుజమున వైచికొని పడవను లాగవలసినదే. ఒకే గాలి యొకదారిని విశ్రాంతియు, వేఱొకదారిని చాకిరియు నయ్యెను. గూటిక్రింద సరకును ప్రయాణికులును, ఒకమూల మట్టిపొయ్యియు, వెనుక చుక్కాని పట్టువాడును, ఇదియే సంసారము. సముద్రసామీప్యమువలన తీరమున చలి తీవ్రము గాదు. కంబళియు గూటిచాపయు చాలును. కాలువల తనిఖీకై తిరుగు అధికారులు గూడ పడవలోనే బసచేసి, అందే వ్రాఁతపనులు జరుపుకొనెడివారు.

ఈ నీటిబాటను ఎగువకు గొనిపోవు ప్రయత్నము గూడ జరిగెను. 1861 మొదలు హేగు అను ఇంజనీరు ఆధ్వర్యమున దుమ్ముగూడెము మొదలగుచోట్ల ఱాతిచఱియలను దాటించుటకు ఆనకట్టలును లాకులును గట్ట మొదలిడిరి. నాగపురప్రాంతపు ప్రత్తిని కాకినాడరేవునకు దెచ్చుట వారి యుద్దేశము. ఆ పని 1871లో విడువబడెను. గమనింపవలసిన దేమనగా, ఈ యత్నము నెఱవేఱినను పడవలు ఇందూరుసీమకు వచ్చియుండవు. కాళేశ్వరముకడ అవి ప్రాణహితవైపు తిరిగి వార్ధానది నెక్కవలసినవి. కందకుర్తి గోదావరిని బాటగా జూచిన ప్రణాళిక యిందు లేదు.

ఇందూరుసీమకు వచ్చిన కాలువలు వేఱు ప్రయోజనముతో వచ్చెను. మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము నవాబు అలీ నవాజు జంగు బహదూరు నిర్మాణదక్షతకు నిదర్శనము. రెండు లక్షల యెకరములకు మించిన భూమికి నీరిచ్చుటకు దానిని సంకల్పించిరి. ఆ కాలువలు పైరుకొఱకే. వస్తువులను మోయుటకు రైలుబాట అప్పటికే కలదు. కాటనునాడు తీరమున రైలు లేదు గనుక కాలువ రెండుపనులు చేయవలసివచ్చెను. నిజాంసాగరమునాటికి ఆ యవసరము తొలగెను. నీరు చెఱకయ్యెను, చెఱకు బోధనుకడ శక్కర్‌నగరమున 1937లో స్థాపింపబడిన నిజాముషుగరు ఫ్యాక్టరీని జేరెను.

చిత్ర మేమనగా, అచ్చటి గానుగఋతువును చలికాలమే. కోసిన చెఱకు నిలువయున్నకొలది రసమును తీపిని గోల్పోవును గనుక రైతు తొందరపడక తప్పదు. ఫ్యాక్టరీయో తన వంతు వచ్చినగాని తూచికొనదు. ఈ రెంటినడుమ నెడ్లబండ్లు బారులుదీరి నిలుచును. బండిక్రింద పడక, ప్రక్కను నెగడు, ఎడ్లకు గడ్డి. తీరపు పడవవానికి లేని చలి దక్కనుపీఠభూమిపై బండివానికి గలదు. అతడును ఇల్లు విడిచి వాహనమునే యిల్లుగా జేసికొన్నవాడే. నిజాంసాగరపు ఆయకట్టునకు గుంటూరు, కృష్ణ, గోదావరిమండలములనుండి రైతులు వలసవచ్చి కట్టుకొన్న ఊళ్లకు నేటికిని ‘క్యాంపు’ అని పేరు. నీటిబాట యెఱిగిన సీమలవారు బండిబాటకు వచ్చిరి. తాత్కాలికపు బసను దెలుపు మాట స్థిరమైన గ్రామనామ మయ్యెను.

రెండు బిడారములును నేడు గడచిన కథలే. 1899 నాటికి చెన్నపట్టణమునుండి బెజవాడకు రైలు నడచెను. 1900లో రాజమహేంద్రవరపు వంతెన తెఱవబడెను. దూరప్రయాణికులు ముందుగా, సరకులు పిదప, కాలువను విడిచెను. 2008లో ఈ కాలువలును నదీభాగములును నాలుగవ జాతీయజలమార్గముగా ప్రకటింపబడెను గాని ఆ ప్రకటన పూర్వపు పడవకాపురమును మఱల దేలేదు. ఎడ్లబండ్లకు మాఱుగా ట్రాక్టర్లును లారీలును వచ్చెను. 2015లో బోధను ఫ్యాక్టరీయే మూతవడెను.

చరిత్రకారులు ఆనకట్టల పొడవును, వ్యయమును, నిర్మాతల నామములను భద్రపఱచిరి. మోకు లాగినవాని రాత్రియు, కాటాకడ గాచినవాని రాత్రియు అట్లు భద్రము గాలేదు. వాని జాడ యిక మాటలయందే దొరకవలెను. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము సేద్యపు మాటలను ఊరూర సేకరించి దారి చూపెను. లాకులకడనుండిన వృద్ధులును, బోధనుబాటను బండ్లు తోలిన వృద్ధులును ఇంకను గ్రామములయందు గలరు. బడిపంతులు తన శిష్యులను వారికడకు బంపి పడవయంగముల పేర్లను, బండియంగముల పేర్లను, గాలికిని చలికిని వారు వాడిన మాటలను వ్రాయించినచో, ఏ దస్తావేజును జెప్పని చరిత్ర కొంత నిలుచును. ఈ పనికి శాసనజ్ఞానము గాని, ధనము గాని యక్కఱలేదు. ఆలస్యము మాత్రము పనికిరాదు.