కెకియోంగా మీద వేన్ పేరు

బడిలో సాంఘికశాస్త్రం చెప్పేటప్పుడు మేము పిల్లలను ఒక ప్రశ్న అడుగుతుంటాం. మీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? చెట్టును బట్టి వచ్చిందా, వాగును బట్టి వచ్చిందా, ఎవరైనా మనిషిని బట్టి వచ్చిందా? మనిషి పేరైతే ఆ మనిషి ఎవరు, ఆ పేరు పెట్టింది ఎవరు? ఈ ప్రశ్నను అమెరికా పటం ముందు పెట్టి అడిగితే ఆదివాసుల చరిత్ర చాలా బయటపడుతుంది. ఒక్క పేరు తీసుకుందాం: వేన్.

ఇండియానా రాష్ట్రంలో ఫోర్ట్ వేన్ అనే పెద్ద నగరం ఉంది. డెట్రాయిట్ నగరం ఉన్న కౌంటీ పేరు వేన్. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఒహాయో, పెన్సిల్వేనియా, ఇండియానా రాష్ట్రాల్లోనూ వేన్ కౌంటీలు ఉన్నాయి. జార్జియాలో వేన్స్‌బరో అనే ఊరుంది. ఒహాయోలో ఒక జాతీయ అటవీ ప్రాంతానికీ ఇదే పేరు. మన పిల్లలు టీవీలో చూసే బ్యాట్‌మన్ అసలు పేరు బ్రూస్ వేన్ కదా, అందులోని వేన్ కూడా ఇతని పేరు నుంచి తీసుకున్నదే.

ఇతని పూర్తి పేరు ఆంథోనీ వేన్. 1745లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జార్జ్ వాషింగ్టన్ కింద సేనానిగా పనిచేశాడు. 1779 జూలైలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న స్టోనీ పాయింట్ కోటను రాత్రివేళ దాడి చేసి పట్టుకోవడంతో పేరు మోగింది. జనం అతన్ని 'మ్యాడ్ ఆంథోనీ' అనేవారు. యుద్ధం తర్వాత రాజకీయాల్లోకి వచ్చి, జార్జియా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. ఆ ఎన్నికలో అక్రమాలు జరిగాయని తేలడంతో 1792లో సభ అతని సీటు ఖాళీ అయినట్టు ప్రకటించింది. అదే ఏడాది వాషింగ్టన్ అతన్ని దేశ సైన్యానికి అధిపతిని చేశాడు. ఎందుకు చేశాడో తెలియాలంటే కెకియోంగాకు వెళ్లాలి.

రెండు నదులు కలిసి మౌమీ నదిగా మారే చోట మయామీ తెగవారి పెద్ద ఊరు కెకియోంగా ఉండేది. అక్కడి నుంచి కొద్ది దూరం పడవలు మోసుకుపోతే వాబాష్ నది వైపు దిగవచ్చు. కాబట్టి ఉత్తరాది సరస్సుల నుంచి మిసిసిపీ దాకా సాగే వ్యాపారానికి అది ఒక ముఖ్యమైన దారి. ఆ దారి మయామీల చేతిలో ఉండేది.

1783లో బ్రిటన్, అమెరికా సంధి చేసుకున్నప్పుడు మిసిసిపీ వరకు ఉన్న నేలను బ్రిటన్ అమెరికాకు వదిలేసింది. ఆ నేల మీద బతికే తెగల్లో ఒక్కరినీ అడగలేదు. మయామీ, షావ్నీ, డెలావేర్ మొదలైన తెగలు కలిసి కూటమి కట్టాయి. 1790లో వచ్చిన సైన్యం కెకియోంగాను తగలబెట్టింది, కానీ పోరులో దెబ్బతిని వెనక్కి పోయింది. 1791 నవంబరు 4న మయామీ నాయకుడు మిషికినాక్వా, షావ్నీ నాయకుడు బ్లూ జాకెట్ ముందు నిలిచి జరిపిన దాడిలో 600 మందికి పైగా సైనికులు చనిపోయారు. మిషికినాక్వానే ఇంగ్లీషు పుస్తకాలు లిటిల్ టర్టిల్, అంటే చిన్న తాబేలు, అని రాస్తాయి. అమెరికా సైన్యం ఆదివాసుల చేతిలో అంతకన్నా పెద్ద ఓటమి ఎన్నడూ చూడలేదు.

ఆ ఓటమికి జవాబుగా వచ్చినవాడే వేన్. రెండేళ్లు సైన్యానికి శిక్షణ ఇచ్చాడు. దారి పొడవునా కోటలు కట్టుకుంటూ వచ్చాడు. ఇతన్ని ఓడించడం కష్టమనీ, మాట్లాడుకోవడం మేలనీ మిషికినాక్వా తనవారికి చెప్పాడు. ఆ మాట చెల్లలేదు. 1794 ఆగస్టు 20న, గాలివానకు చెట్లు కూలిపడి ఉన్న చోట యుద్ధం జరిగింది. అందుకే దాన్ని ఫాలెన్ టింబర్స్ యుద్ధం అంటారు. తెగలు ఓడి దగ్గరలోని బ్రిటిష్ కోట వైపు పరుగెత్తాయి. అంతవరకు స్నేహితులమని చెప్పిన బ్రిటిష్‌వారు కోట తలుపులు తెరవలేదు.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా యుద్ధం దగ్గర ఆగిపోతాయి. మేము తర్వాతి రోజుల దగ్గర ఆగుతాం. వేన్ సైన్యం నది వెంట ఊళ్లను, మొక్కజొన్న చేలను వరసగా నాశనం చేసింది. అంత విశాలమైన మొక్కజొన్న చేలు తాను ఇంకెక్కడా చూడలేదని వేన్ తానే రాశాడు. ఆదివాసులు వేటాడుతూ తిరిగేవారే తప్ప సేద్యం తెలియనివారని చెప్పేవారికి ఆ మాటే జవాబు. తిండి పోయిన జనం చలికాలం ఎలా దాటాలి? 1795లో గ్రీన్‌విల్ దగ్గర సంధి మీద గుర్తులు పెట్టారు. నేటి ఒహాయోలో ఎక్కువ భాగం పోయింది. బదులుగా 20,000 డాలర్ల సరుకులు, ఏటా 9,500 డాలర్లు ఇస్తామన్నారు. ఆ 9,500ను పన్నెండు తెగలు పంచుకోవాలి.

యుద్ధం జరిగిన ఏడాదే, అక్టోబరులో, కెకియోంగా దగ్గర కొత్త కోట లేచింది. దానికి ఫోర్ట్ వేన్ అని పేరు పెట్టారు. వేన్ 1796లో చనిపోయాడు. పేరు మాత్రం పెరుగుతూ పోయింది. 1846లో మయామీ కుటుంబాలను సైనికుల కాపలాలో కాలువ పడవలెక్కించి కాన్సాస్‌కు పంపించారు. ఆ పడవలు ఫోర్ట్ వేన్ మీదుగానే వెళ్లాయి. తమ పాత ఊరిని వారు వేరొకరి పేరుతో చూస్తూ దాటారు. తర్వాత వారిని ఓక్లహోమాకు కదిలించారు.

ఈ కథ అక్కడితో అయిపోలేదు. 2019లో ఫోర్ట్ వేన్ నగర మండలి జూలై 16ను ఆంథోనీ వేన్ దినంగా ప్రకటించింది. ఓక్లహోమాలోని మయామీ తెగ అభ్యంతరం చెప్పింది. 2023లో, తెగల కోరిక మీద, ఒహాయో అడవికి వేన్ పేరు తీసేయాలని అక్కడి అటవీశాఖ ప్రతిపాదించింది. ఇది చరిత్రను చెరిపేయడమే అని కొందరు ఎదురు నిలిచారు. చరిత్రను మొదట ఎవరు చెరిపారు అని మేము అడుగుతాం. వేన్ పేరు రాకముందు ఆ నేల పేరు లేనిది కాదు.

బోర్డు మీద పేరు మారితేనే చాలదు. మయామీ భాష మాట్లాడేవారు ఇరవయ్యో శతాబ్దంలో లేకుండా పోయారు. అయినా పాత రాతల్లో దొరికిన మాటలను ఏరుకుని, 1990ల నుంచి ఆ తెగవారు తమ భాషను మళ్లీ పిల్లలకు నేర్పుతున్నారు. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో దానికోసం ఒక కేంద్రమే ఉంది. పటం మీద ఏ పేరున్నా, పాత పేరును తమ భాషలో పలికే పిల్లలు ఉన్నంతకాలం కెకియోంగా ఉంటుంది.

మన దగ్గర 2016లో ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పేరు చూడండి. నిజాం బలగాలతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీం పేరు, నిజాముల ఆసఫ్ జాహీ వంశం పేరు ఒకే వరసలో ఉన్నాయి. ఆ రెండు పేర్ల మధ్య ఏం జరిగిందో మన పిల్లలకు చెప్పాల్సింది మనమే.

ఉపాధ్యాయ మిత్రులారా, యువకులారా, ఈ సెలవుల్లో ఒక పని చేద్దాం. మన గూడెం పెద్దలను కూర్చోబెట్టి వాగుకు, గుట్టకు, చేనుకు, పాత ఊరికి మన భాషలో ఏమంటారో అడిగి రాసుకుందాం. రెవెన్యూ రికార్డులో ఏముందో దాని పక్కన రాద్దాం. రెండూ వేరైన చోట, ఎందుకు వేరయ్యాయో కూడా అడుగుదాం.