ఛాయాచిత్రము: క్రయమా, కౌలా?



పొలమును కౌలున కిచ్చుటకును, పొలమునే విక్రయించుటకును గల భేదమును మీకు నేను చెప్పనక్కరలేదు. ఎల్లలు, గడువు, మక్తా నిర్ణయించుకొననిదే ఏ రైతును తన నేలను పరుల చేతిలో బెట్టడు. ఈ వివేకమే ఛాయాచిత్రముల విషయమునను అక్కరకు వచ్చునని మనవి చేయుటకే నేడు మీతో ముచ్చటించుచున్నాను.

నా శిష్యుడొకడు ఫొటోగ్రాఫరు. ఎవరి కొలువులోను లేక, కెమెరాయే ఆధారముగా జీవించువాడు. ఒక కోతలకాలమున తనంతట తానే కళ్లములోనికి పోయి, చేటతో ధాన్యము తూర్పారబట్టుచున్న ఒక వృద్ధ కర్షకుని చిత్రమును తీసెను. విత్తనముల వర్తకు డొకడు దానిని మెచ్చి, రెండువేల రూపాయలిచ్చి, ఒక కాగితముపై సంతకము చేయించుకొని పోయెను. మరుసటి యేడు సంచులమీదను, గోడపత్రికలమీదను, క్యాలెండర్లమీదను ఆ బొమ్మయే! శిష్యుడు ఆ కాగితమును తెచ్చి నా చేతిలో నుంచెను. సమస్తహక్కులతో, సమస్తప్రదేశములకు, శాశ్వతముగా నిచ్చితినని అందు వ్రాసియున్నది. అది కౌలునామా కాదు, క్రయదస్తావేజు. వాడు పంటలో ఒక బస్తా అమ్మితి ననుకొనెను, అమ్మినది పొలము.

ఈ పొలమునకు పట్టా యెట్లు పుట్టినదో ముందు తెలిసికొందము.

1839వ సంవత్సరమున ప్యారిస్ నగరమున డాగేరు అను నతని పద్ధతి లోకమునకు వెల్లడి యయ్యెను. ఫ్రెంచి ప్రభుత్వ మాయనకు పింఛను నేర్పరచి, ఆ విద్యను ప్రజల పరము చేసెను. ఆ పద్ధతిలో వెండిపూత గల రాగిరేకుపై బొమ్మ యొక్కటియే వచ్చును. రేకు ఎవని చేతి నున్నదో సర్వస్వము వానిదే; కౌలు ప్రసక్తియే లేదు. ఇంగ్లండున టాల్బటు 1841లో పేటెంటు పొందిన పద్ధతి వేరు. అందు మొదట నెగటివు ఏర్పడును. దానినుండి ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. విత్తనము ఒకటి, పంట అనేకము. అప్పటినుండియే చేతనున్న ప్రతి వేరు, ప్రతులు తీయు అధికారము వేరు అను తగవు పుట్టెను.

బ్రిటిషు పార్లమెంటు 1862లో చేసిన శాసనము చిత్రపటములతోపాటు ఛాయాచిత్రములకును ఈ అధికారమును కల్పించినది. కాని ధన మిచ్చి పరులు తీయించుకొన్న చిత్రముపై అధికారము, వ్రాతమూలముగా నట్టిపెట్టుకొన్ననే తప్ప, తీసినవానికి నిలువదని అందే యొక నియమ ముండెను. వ్రాత లేనివాడు హక్కు కోల్పోవు ననుట నేటి మాట కాదు.

అమెరికాలో 1865లో ఛాయాచిత్రములు శాసనరక్షణలో చేరినవి. కాని అది న్యాయస్థానమున నిలుచునా? 1882 జనవరిలో ఆస్కారు వైల్డు అను ఆంగ్లభాషాకవి ఉపన్యాసముల కై న్యూయార్కు చేరగా, నెపోలియన్ సరోనీ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకు డాయనను పలు భంగిమలలో చిత్రించెను. అందొక చిత్రమును బర్రో-జైల్స్ అను శిలాముద్రణసంస్థ అనుమతి లేకయే అచ్చొత్తి 85,000 ప్రతులు విక్రయించెను. సరోనీ వ్యాజ్యము తెచ్చెను. యంత్రము తీసిన బొమ్మకు కర్త యెవడు, వెలుతురు గీసినదానిని మనుష్యుడు తనదనుట యెట్లు అని ప్రతివాదుల తర్కము.

1884 మార్చి 17వ తేదీన అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఆ తర్కమును త్రోసివేసెను. ఆసీనుని కూర్చుండబెట్టిన తీరు, దుస్తులు, తెరల అమరిక, వెలుగునీడల పొందిక, ముఖమున పలికించిన భావము, ఇవన్నియు సరోనీ బుద్ధినుండి పుట్టినవి గావున ఆయనయే కర్త యని తీర్పు. కలము వ్రాయలేదు, కవి వ్రాసెను. అట్లే కెమెరా చూడలేదు, మనుష్యుడు చూచెను. అయినను శాసనము ననుసరించి సరోనీకి దక్కినది 610 డాలర్లు. అందు అమ్ముడుపోయిన 85,000 ప్రతులకును, అచ్చుపలకలకును కలిపి 600. నూరు ప్రతులకు సుమారు డెబ్బది సెంట్లు మాత్రమే పడినదనవచ్చును. కావున తగవు గెలిచి పొందుదానికంటె ముందు ఒడంబడిక చేసికొని పొందుటయే మేలు.

మన దేశమున సర్దానాలో 1844లో జన్మించిన లాలా దీన్ దయాళుగారు ఇందూరు సంస్థానమున ప్రభుత్వోద్యోగ మొనర్చి, పిదప దానిని వదలి ఛాయాచిత్రకళనే వృత్తిగా గైకొనిరి. సికందరాబాదున ఆయన చిత్రశాల వెలసెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆయనకు రాజా బహద్దూరు ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. ఆయన తన గాజుపలకలపై సంఖ్యలు వేసి భద్రపరచిరి. ప్రతులు దేశదేశములకు పోయినను పలకలు ఇంట నిలిచినవి. ఆయన 1905లో గతించిరి. కాని రెండువేలకు పైబడిన ఆ పలకలు వంశీయుల యొద్దనుండి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరి నేటికిని ఉన్నవి. పంట నమ్మి విత్తనము నిలుపుకొనుట యన నిదియే.

పత్రికల యుగము వచ్చినపిమ్మట మరల చిక్కు కలిగెను. పని పురమాయించిన పత్రికలు చిత్రమును, హక్కును గూడ తామే యుంచుకొనుట వాడుక యయ్యెను. దీనిని సహింపక 1947లో రాబర్టు కాపా, హెన్రీ కార్టియే-బ్రెసాన్, డేవిడ్ సైమూర్, జార్జి రాడ్జర్ మొదలగువారు మాగ్నం అను సహకారసంఘమును స్థాపించిరి. గాంధీమహాత్ముని అంతిమయాత్రను 1948లో చిత్రించినది ఈ కార్టియే-బ్రెసానే. హక్కు తీసినవానిది, పత్రిక కొనునది ప్రచురణకు అనుమతి మాత్రమే యని వారి నియమము. అందుచే ఒక్క చిత్రమునే పలుదేశముల పత్రికలకు వేర్వేరుగా నిచ్చి వెల గొనగలిగిరి.

నేడు మన దేశమున నడచునది 1957 నాటి కాపీరైటు చట్టము. తనంతట తీసిన చిత్రమునకు తీసినవాడే స్వామి. పైక మిచ్చి పరుడు తీయించుకొన్నచో, వేరు ఒడంబడిక లేనియెడల, ఆ పరుడే ప్రథమస్వామి. హక్కును బదలాయించుట వ్రాతమూలముగా, సంతకముతో జరుగవలెను. అందు గడువు చెప్పనిచో ఐదేండ్లనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశము మాత్రమే యనియు చట్టము భావించును. నా శిష్యుని కాగితమున ఆ చోటులు ఖాళీగా నున్న యెడల ఐదేండ్లకు చిత్రము తిరిగి వానిదే యయ్యెడిది! 2012 సవరణ పిమ్మట ఈ హక్కు కర్త జీవితకాలమును, అటుపై అరువదేండ్లును నిలుచును. అనగా మనుమలు అనుభవింపదగిన ఆస్తి.

ఇక వెల కట్టుట. దీనికి రెండు పాళ్లు గలవు. మొదటిది కూలి. పనిముట్ల అరుగుదల, అద్దె, ప్రయాణము, కుటుంబపోషణ కలిపి యేటికి 3,00,000 రూపాయలు కావలె ననుకొందము. పని దొరకు దినములు నూ రనుకొందము. అప్పుడు దినమునకు 3,000కు తగ్గినచో వాడు అప్పులపాలగుట నిశ్చయము. పని లేని దినములను లెక్కింపకుండుటయే మన పిల్లలు చేయు పొరపాటు.

రెండవది కౌలు. దీనికి ఐదు ప్రశ్న లడుగవలెను. చిత్రము దేనికి? ఎన్ని ప్రతులకు? ఏ ప్రదేశమున? ఎంతకాలము? ఒక్కరికేనా? వారపత్రికలో ఒక్కసారి ముద్రించుటకును, రాష్ట్రమంతట మూడేండ్లు విత్తనపు సంచులపై వేయుటకును వెల యొక్కటి కారాదు. వర్తకుని లాభము పెరిగినకొలది మక్తా పెరుగుట ధర్మము. పొలమును ఒక పంటకు ఒక్కనికే యీయగలము. చిత్రమునో, ఒకే దినమున పదిమంది కిచ్చినను అరుగదు. కావున ఇతరుల కీయరాదని కోరువాడు తక్కిన తొమ్మండుగురి మక్తాకును బదులు చెప్పవలెను.

ఇంకొక్క మాట. ఆ చిత్రమందలి వృద్ధుని సంగతి నెవరు తలచిరి? సరకు లమ్ముటకు ఒకని ముఖమును వాడుకొనునపుడు వాని సమ్మతిని వ్రాతమూలముగా గొని, తగిన ప్రతిఫల మిచ్చుట న్యాయము. మీలో నెవరినైనను పట్నపువారు చిత్రించవచ్చినచో, అది దేనికని నిస్సంకోచముగా అడుగుడు.

మీ మనుమడు కెమెరా చేతబట్టి నాలుగు రూకలు సంపాదింప మొదలిడినచో, వాని కాగితములను మీరు చదువుడు. ఇంగ్లీషున నున్న చదివించుకొనుడు. కౌలునామాలో ఒక్క మాట తేడా వచ్చిన పసిగట్టగల కన్నులు మీవి. నా శిష్యునకు నేను ఛందస్సు నేర్పితిని, వ్యాకరణము నేర్పితిని. దస్తావేజు చదువుట నేర్పనైతిని. ఆ లోపము నాది. మీ యింట నది జరుగకుండుగాక.

సెలవు.