అలమార తలుపు: నూలు నుండి మిల్లీమీటరు వరకు

యూసుఫ్‌గూడలో పాత ఇంటికి మరమ్మతు జరిగేటప్పుడు గోడ అలమార అలాగే ఉండి, తలుపులు మాత్రం మారడం కద్దు. పాత కబ్జాలు ఊడదీసి, బయటికి కనబడని కొత్త కబ్జాలు బిగిస్తారు. వీటినే దుకాణాలలో ఆటో హింజి అంటారు. పాత రెక్కను కొలిచి, అదే కొలతకు కొత్త రెక్క కోయించిన గృహస్థుకు చిక్కు తప్పదు. రెక్క సరిపోదు, కోసిన చెక్క మళ్లీ పెరగదు. ఈ చిక్కు ఎక్కడ పుట్టినదో తెలియాలంటే కబ్జా చరిత్రనూ, కొలతల చరిత్రనూ కలిపి చూడాలి.

మన వడ్రంగులు అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని నూలు అన్నారు. హైదరాబాదులో దీనినే సూత్ అంటారు. రెండు మాటలకూ దారమనే అర్థం. అంగుళమంటే సరిగా 25.4 మిల్లీమీటర్లని 1959లో బ్రిటన్, అమెరికా మొదలైన ఆరు దేశాలు ఒప్పుకున్నాయి. ఆ లెక్కన నూలు 3.175 మి.మీ. అవుతుంది. పాత తలుపుకు ఈ కొలత చాలును. రెక్క చట్రం లోపల కూర్చుంటుంది. చుట్టూ నూలు సందు విడుస్తారు. ఎక్కడైనా ఒరుసుకుంటే చిత్రిక పడతారు. కొలతలో తప్పును చెయ్యి దిద్దుతుంది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఐరోపాలో చెక్కముక్కల పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల వాడుక పెరిగింది. వీటి అంచులో మరమేకు దించితే పట్టు నిలవదు. అందుచేత రెక్క వెనుకవైపు గుండ్రని గుంట తొలిచి, అందులో కబ్జాను అమర్చే పద్ధతి వ్యాపించింది. ఆ గుంట వ్యాసం సాధారణంగా 35 మి.మీ. 1952లో ఆస్ట్రియాలో జూలియస్ బ్లూమ్ అనే లాడాల పనివాడు గుర్రపు లాడాలకు బిగించే మొలలు చేయడానికి ఒక సంస్థను స్థాపించాడు. పిమ్మట ఆ సంస్థయే ఇట్టి కబ్జాలకు ప్రసిద్ధి కెక్కింది.

ఈ కబ్జాకు స్థిరమైన ఇరుసు ఒకటి ఉండదు. సాధారణ రకంలో నాలుగు కడ్డీలు కీళ్లతో కలిసి కదులుతాయి. 1784లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి అమర్చిన కడ్డీల కూర్పు కూడ ఈ జాతిదే. అందువల్ల రెక్క తిరుగుతూ కొంచెం పక్కకూ ముందుకూ జరుగుతుంది. పలకల అంచులను కప్పి ఉన్నా పక్క రెక్కను ఒరుసుకోదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. అలమార వెలుపలి వెడల్పు 600 మి.మీ., పక్క పలకల మందం 18 మి.మీ. అనుకొందాం. లోపలి ఖాళీ 564 మి.మీ. పాత పద్ధతిలో ఇరువైపులా నూలు విడిస్తే రెక్క సుమారు 558 మి.మీ. కొత్త పద్ధతిలో రెక్క ఇరువైపులా 16 మి.మీ. చొప్పున పలకను కప్పాలి. కనుక 564కు 32 కలిపితే 596 మి.మీ. తేడా 38 మి.మీ., అనగా అంగుళంన్నర! రెండు రెక్కలైతే నడుమ 3 మి.మీ. సందు తీసివేసి సగం చేయాలి, ఒక్కొక్కటి 296.5 మి.మీ. రెండు రెక్కలు ఒకే నడిమి పలకను పంచుకొనేచోట కప్పే కొలత సగానికి తగ్గుతుంది. దానికి వేరు రకం కబ్జా కావాలి. కనుక ముందు కబ్జాను ఎన్నుకొని, తరువాతనే చెక్క కోయించాలి.

ఇక్కడ రెక్క పక్కన మిగిలే అంచు 2 మి.మీ. మాత్రమే. నూలు అంతకంటె పెద్దది! పాత కొలతబద్దలోని చివరి గీత ఈ పనికి మోటుదయినది.

మనదేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 అక్టోబరు 1 నుండి క్రమంగా అమలయింది. చిన్న పరిశ్రమలకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ 1960లో ఢిల్లీలో ఏర్పడి, 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. అది యూసుఫ్‌గూడలోనే ఉన్నది. పలక ఒకచోట, కబ్జా మరొకచోట, కూర్పు ఇంకొకచోట జరిగే కాలంలో అందరికీ ఒకే కొలత లేకపోతే చిన్న పనివాడే నష్టపోతాడు.

ఉపాధ్యాయులు తరగతిలోని అలమారను విద్యార్థులచేత ముందు నూళ్లలో, తరువాత మిల్లీమీటర్లలో కొలిపించి, రెండు లెక్కలనూ పోల్చిచూడమనవచ్చును. సూక్ష్మమైన కొలత ఎందుకు అవసరమో ఒక్క తలుపు చాలు, నేర్పడానికి.